అర తులం తూటా

బొగ్గు గనిలో పేల్చే మందులో ఉప్పు ఉంటుంది. కూరలో వేసుకునే ఉప్పే. మామూలు క్వారీ మందును బాయిలో, అంటే గనిలో, పేలిస్తే ఆ మంటకు గ్యాస్ అంటుకునే ప్రమాదం ఉంది. అందుకని మంట వేడి తగ్గేలా మందులోనే ఉప్పు కలిపి తయారు చేస్తారు. 'పర్మిటెడ్' మందు అంటే అదే. డిటోనేటర్ గొట్టం కూడా రాగిదై ఉండాలి. అల్యూమినియందైతే పేలినప్పుడు నిప్పు కణికల్లాంటి తునకలు ఎగురుతాయి. మందు పేల్చే షాట్‌ఫైరర్ ముందు గ్యాస్ చూస్తాడు. రంధ్రంలో మందు పెట్టి, మూతికి బంకమట్టి ముద్దలు దట్టిస్తాడు. మనుషులందరినీ పక్కకు పంపి, దారులకు కాపలా పెట్టి, అప్పుడు ఎక్స్‌ప్లోడర్ తిప్పుతాడు. దాని తాళం మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వడు. గోదావరిఖనిలో ఏ వాడకు వెళ్లినా ఈ క్రమం పూసగుచ్చినట్టు చెప్పే రిటైర్డ్ కార్మికుడు ఒకరు దొరుకుతారు. బాయిలో అన్నిటికన్నా బలమైన మందు ఏదని ఎవరూ అడగరు. ఈ చోటికి పనికొచ్చే మందు ఏదని అడుగుతారు.

ఆ మందు దాచే గట్టి గోడల గదిని ఇక్కడ మ్యాగ్జిన్ అంటారు. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా, లోపల రిజిస్టర్. ఈ ఆదివారం పాఠకుడి చేతిలో ఉన్నదీ మ్యాగ్జినే. పిస్టల్ పిడిలో దూరే రేకు పెట్టె కూడా మ్యాగ్జినే. మూడింటికీ మూలం 'కొట్టు' అనే అర్థమున్న అరబ్బీ మాట 'మఖ్‌జన్'. బొగ్గు బెల్టులో మందు మ్యాగ్జిన్ గురించి తెలియనివారు లేరు. పిస్టల్ మ్యాగ్జిన్ గురించి తెలిసినవారు మాత్రం కొద్దిమందే. ఆ చిన్న పెట్టెలో ఏడెనిమిది తూటాలు పడతాయి. అవి ఎలాంటివై ఉండాలన్నదే ఈ కథనం.

ఇదేదో అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల చుట్టూ తుపాకీ లైసెన్స్ కోరుకునేవారు ఎప్పుడూ ఉన్నారు. మట్టి పనుల కాంట్రాక్టర్లు, రవాణా వ్యాపారులు, ఫైనాన్స్ నడిపేవారు, రాజకీయ నాయకులు ఆ వరుసలో ఉంటారు. బ్యాంకు క్యాష్ వ్యాన్ల దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికులు మరో వర్గం. 1980, 90 దశకాల్లో ఈ నేల మీద తుపాకీ మాట ఎంత మామూలైపోయిందో నలభై ఏళ్లు దాటిన ఎవరికైనా గుర్తే. తర్వాత అది తగ్గింది కానీ భయం పూర్తిగా పోలేదు. 2021 ఫిబ్రవరి 17న రామగిరి మండలం కల్వచర్ల దగ్గర, పట్టపగలు నడిరోడ్డు మీద హైకోర్టు న్యాయవాద దంపతులను నరికి చంపారు. ఆగిన వాహనాల్లోంచి తీసిన వీడియోలు రాష్ట్రమంతా తిరిగాయి. అలాంటి ఘటన జరిగినప్పుడల్లా 'ఓ పిస్టల్ ఉండుంటే' అనే మాట చాయ్ దుకాణాల్లో మొదలవుతుంది.

ఆ పిస్టల్ రావడం అంత తేలిక కాదు. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలతోపాటు పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలకు కలిపి రామగుండం పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది. కమిషనర్ ఉన్న చోట ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ అధికారం కలెక్టర్‌ది కాదు, కమిషనర్‌ది. ప్రాణానికి ముప్పు ఉందని దరఖాస్తులో చెప్పుకోవాలి, పోలీసు విచారణ దాటాలి. 2016 ఆయుధాల నిబంధనలు వచ్చాక తుపాకీ భద్రతపై శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా కావాలి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదాకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే అవకాశం కూడా ఆ సవరణతోనే వచ్చింది.

ఇంత దాటి లైసెన్స్ చేతికొచ్చినవాడు ఏ తూటా కొనాలో తేల్చుకుందామని దుకాణానికి వెళ్తే, అక్కడ తేలాల్సింది పెద్దగా మిగలదు. చట్టం ముందే తేల్చేసింది.

మన చట్టం తుపాకులను సైజును బట్టి కాదు, అవి మింగే తూటాను బట్టి విడదీసింది. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం తూటా పట్టే పిస్టల్ మామూలు పౌరుడికి ఇవ్వరు. ఒకప్పటి బ్రిటిష్ సైనిక రివాల్వర్ల .380, .455 తూటాలు పట్టేవీ అంతే. రైఫిళ్లలో .303, 7.62 కూడా ఆ జాబితావే. ఇది తెల్లదొరల కాలపు ముందుచూపు. ప్రభుత్వ తూటా జనం తుపాకీలో దూరకూడదు, జనం తూటా తిరగబడ్డవాడి చేతిలోని ప్రభుత్వ తుపాకీకి పనికిరాకూడదు. పోలీస్ స్టేషన్ల నుంచి ఎత్తుకుపోయిన .303 రైఫిళ్ల కథలు విన్న ఈ ప్రాంతంలో ఆ తర్కం అర్థం కావడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు. ఆ వడపోతలో చేతి తుపాకులకు మిగిలిన ప్రధానమైన బోర్, అంటే గొట్టం లోపలి వ్యాసం, ఒకటే, .32. దాని కింద ఇంకా చిన్నది .22.

ఇక్కడొక చిన్న ఫిర్యాదు. '.32 ఎంఎం పిస్టల్ స్వాధీనం' అని తెలుగు పత్రికల్లో తరచూ అచ్చవుతుంది. .32 అన్నది అంగుళంలో భాగం. మిల్లీమీటర్లలో అయితే దాదాపు 8. నిజంగా .32 మిల్లీమీటర్ల గొట్టమే ఉంటే అందులో సన్న సూది కూడా సరిగ్గా దూరదు.

ఆ .32లో కూడా రెండున్నాయి. లైసెన్స్ పుస్తకంలో రెండింటికీ '.32 బోర్' అనే రాస్తారు కాబట్టి కొత్తవారు తికమకపడతారు. పిస్టల్‌ది .32 ఏసీపీ. తుపాకుల తయారీలో బ్రహ్మలాంటి అమెరికన్ జాన్ బ్రౌనింగ్ 1899 ప్రాంతంలో బెల్జియం కంపెనీ ఎఫ్ఎన్ కోసం చేసిన తూటా అది. 7.65 బ్రౌనింగ్ అన్నా అదే. రివాల్వర్‌ది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. స్మిత్ అండ్ వెసన్ 1896లో తెచ్చింది, దీని ఇత్తడి గొట్టం పొడవు, అడుగున అంచు బయటికి వెడల్పుగా ఉంటుంది. ఒకదాని చోట ఒకటి వాడకూడదు.

పిస్టల్ తూటా ముందుభాగాన్ని, అంటే ఎగిరిపోయే గుండును, కంసాలి త్రాసులో వేస్తే 4.6 గ్రాములు తూగుతుంది. అర తులం కూడా లేదు. సీసం ముద్దకు పైన రాగి తొడుగు. సెకనుకు దాదాపు 275 మీటర్ల వేగంతో పోతుంది. పోలీసు 9 ఎంఎం గుండుతో పోలిస్తే మోసుకెళ్లే శక్తి మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంతమాత్రాన బొమ్మ తుపాకీ కాదు. 1948 జనవరి 30న బిర్లా హౌస్‌లో గాంధీజీ మీద పేలిన బెరెట్టా కూడా జేబులో పట్టే పిస్టలే. అందులోది .380 ఏసీపీ, .32కు అన్నలాంటి తూటా, దాన్ని చేసిందీ బ్రౌనింగే.

ప్రపంచమంతా తల బద్దలు కొట్టుకునే ప్రశ్న బోర్ గురించి కాదు, గుండు మొన గురించి. మొన మూసి ఉండాలా, గుల్లగా ఉండాలా?

ఆ ప్రశ్న పుట్టింది మన దేశంలోనే. 1890లలో వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో బ్రిటిష్ సైన్యం కొత్త .303 రైఫిల్ వాడింది. పూర్తి తొడుగున్న ఆ సన్న గుండు మనిషిలోంచి సూదిలా దూసుకుపోతోందని, తగిలినవాడు ఆగకుండా మీదికి వస్తున్నాడని ఫిర్యాదులొచ్చాయి. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఆయుధ కర్మాగారం సూపరింటెండెంట్ కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే గుండు మొన దగ్గర తొడుగు తీసేసి సీసం బయటపడేలా చేశాడు. తగిలాక అది పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 'డమ్‌డమ్ బుల్లెట్' అనే పేరు ఆ ఊరిదే. కలకత్తా విమానాశ్రయంలో దిగే తెలుగువారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో! గాయాల ఘోరం చూసి 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో విచ్చుకునే గుండ్లు వాడరాదని ప్రకటించింది. సైన్యాల తూటాలు నేటికీ ఎక్కువగా మొన మూసినవే.

తమాషా ఏమిటంటే, యుద్ధంలో కూడదన్నదే ఊళ్లోకి వచ్చేసరికి మేలన్నారు. యుద్ధభూమిలో శత్రువు వెనక ఉండేది ఇంకో శత్రువు. బజారులో దొంగ వెనక ఉండేది కూరగాయలు కొనే మనిషి. న్యూయార్క్ పోలీసులు చాలాకాలం మూసిన మొన తూటాలే వాడి, అవి ఒకరిలోంచి దూరి దారిన పోయేవారికి తగులుతున్నాయని 1998లో గుల్ల మొన తూటాలకు మారారు. హాలో పాయింట్ అనే ఈ రకంలో గుండు ముందు చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోని తడి ఆ గుంటలో నిండి ఒత్తిడికి గుండును విచ్చుకునేలా చేస్తుంది. వెడల్పయిన గుండు త్వరగా ఆగుతుంది, ఉన్న శక్తిని అక్కడే వదిలేస్తుంది.

మరీ త్వరగా ఆగితే? దానికీ కథ ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు తలపడ్డారు. మొదట్లోనే ఒక దొంగ చేతిని తూటా తొలుచుకుని ఛాతీలోకి వెళ్లి గుండెకు కాస్త ఇవతలే ఆగిపోయింది. అది 9 ఎంఎం హాలో పాయింట్. ప్రాణం పోయే గాయమే, కానీ వెంటనే పోలేదు. ఆ మిగిలిన నిమిషాల్లోనే అతడు ఇద్దరు ఏజెంట్లను చంపాడు. అయిదుగురు గాయపడ్డారు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ గాయాల శాస్త్రాన్ని కొత్తగా చదివి ఒక కొలత పెట్టింది. జంతువుల ఎముకలు, తోళ్లనుంచి తీసిన జెలటిన్‌ను నూటికి పది పాళ్లు నీళ్లలో కలిపి, 4 డిగ్రీల చల్లదనంలో గడ్డకట్టించి, దానికి జీన్స్ గుడ్డ లాంటివి అడ్డం పెట్టి కాల్చాలి. గుండు 12 అంగుళాల కన్నా తక్కువ దిగకూడదు, 18 దాటకూడదు. నేడు తూటాల అట్టపెట్టెల మీద కనిపించే గొప్పలన్నీ ఈ జున్ను ముక్క లాంటి దిమ్మె చుట్టూ తిరిగేవే.

జేబు పిస్టల్‌కు చిక్కు ఇక్కడే వస్తుంది. గుండు విచ్చుకోవాలంటే వేగం కావాలి. పొట్టి గొట్టంలోంచి వచ్చే .32 గుండుకు ఉన్నదే అంతంత మాత్రం వేగం. చాలాసార్లు గుంటలో గుడ్డపీలికలు ఇరుక్కుని అసలు విచ్చుకోదు. విచ్చుకుందా, ఆ శక్తి అక్కడే ఖర్చయి 12 అంగుళాల గీతకు చేరదు. పెద్ద తూటా అయితే విచ్చుకోవడం, దిగడం రెండూ సాధిస్తుంది. చిన్నదానికి ఏదో ఒకటే. అందుకే హాలో పాయింట్లు రాశులుగా దొరికే అమెరికాలో కూడా .32 వాడే అనుభవజ్ఞులు చాలామంది మూసిన మొన లేదా చదును మొన గుండుకే ఓటేస్తారు.

ఇంకో యాంత్రిక కారణం కూడా ఉంది. .32 ఏసీపీ ఇత్తడి గొట్టం అడుగు అంచు పక్కకు కొద్దిగా పొడుచుకొచ్చి ఉంటుంది. మ్యాగ్జిన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందే ఉండాలి. హాలో పాయింట్ తూటా మొత్తంగా పొట్టి కావడంతో మ్యాగ్జిన్‌లో ముందుకీ వెనక్కీ ఊగడానికి సందు దొరుకుతుంది. పై తూటా అంచు జారి కింది దాని వెనక్కు పడిందంటే రెండూ కొక్కెంలా పెనవేసుకుంటాయి. పిస్టల్ బిగుసుకుపోతుంది. చేత్తో పిస్టల్ పైన జరిగే స్లైడ్ లాగితే వదిలే బిగింపు కాదది, మ్యాగ్జిన్ బయటికి తీసి విడదీసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చిన వేళ అంత తీరిక ఎవరికుంటుంది?

కాబట్టి మన దగ్గర పరిస్థితి పైకి కనిపించినంత అన్యాయమేమీ కాదు. కాల్పుల క్రీడాకారుల సంగతి వేరు. మామూలు లైసెన్స్‌దారుకు దుకాణంలో చేతికందేది ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకు, పిస్టల్‌కు రాగి తొడుగున్న గుండ్రటి మొన, రివాల్వర్‌కు గుండ్రటి మొన. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశాక తుపాకీల పని ఒక కంపెనీకి, తూటాల పని పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియాకు వెళ్లింది. తుపాకుల వైపు మాత్రం కొంత సందడి కనిపిస్తోంది. 2014లో కాన్పూర్ నుంచి మహిళల కోసమంటూ వచ్చిన టైటానియం మిశ్రమ లోహపు రివాల్వర్ 'నిర్భీక్' అర కిలో బరువు, అప్పట్లో లక్షా 22 వేల రూపాయల పైచిలుకు ధర. ఢిల్లీ నిర్భయ పేరు స్ఫురించేలా పెట్టడం అప్పట్లో విమర్శలకు గురైంది. 2023 ఆగస్టులో అక్కడి నుంచే 'ప్రబల్' వచ్చింది. యాభై మీటర్ల దాకా గురి అన్నారు. దుకాణంలో మాట్లాడేదంతా తుపాకీ గురించే. దానిలో వేసే తూటా గురించి అడిగేవారు అరుదు.

సముద్రం అవతల లెక్క తలకిందులు. గోదావరిఖని పిల్లలు డాలస్‌లో ఇళ్లు కొనుక్కుని చాలా కాలమైంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పని ఎవరైనా పర్మిట్ లేకుండా చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. కానీ హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఫెడరల్ చట్టం తుపాకీనీ తూటానూ దాదాపుగా నిషేధించింది. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాడు మాత్రం కొనవచ్చు. అంటే ఒకే కాలనీలో ఇద్దరు తెలుగువాళ్లలో ఒకడు అరల నిండా ఉన్న రకాల్లో ఏది తీసుకోవాలో తేల్చుకోలేక నిలబడతాడు, రెండోవాడు వాటిలో ఒక్కటి దగ్గర పెట్టుకున్నా నేరం కావచ్చు.

ఇక గోదావరిఖని సంగతికొస్తే, తూటా ఎంపికలో మిగిలిన అసలు విషయం దాని వెనక ఏముందన్నది. సింగరేణి క్వార్టర్లు ఒకదాని గోడకు ఒకటి ఆనుకుని ఉంటాయి. మూసిన మొన .32 చిన్నదే అయినా పలచటి తలుపునూ, రేకునూ, ప్లైవుడ్‌నూ దాటి అవతల మనిషిని చంపగలదు. ఇటుక గోడ ఆపవచ్చు, కిటికీ ఆపదు. లక్ష్మీనగర్ బజారులో సాయంత్రం ఏడింటికి గురి తప్పిన తూటాకు ఖాళీ జాగా దొరకదు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిర్దోషికి హాని జరిగే ప్రమాదం ఉన్నా ఆ హక్కు ఉంటుందని 44 అంటుంది. నిజమే, కానీ అది ప్రాణం పోయే దాడే అని, వేరే దారి లేదని కోర్టులో తేలాలి. అప్పటిదాకా కాల్చినవాడు నిందితుడే.

కత్తితో వచ్చేవాడు ఎంతలో మీద పడతాడు? అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ దీన్ని కొలిచి చూసి 1983లో రాశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి 21 అడుగులు సెకనున్నరలో దాటేస్తాడు. బెల్టు మీదున్న తుపాకీ తీసి కాల్చడానికి శిక్షణ ఉన్నవాడికే అంత సమయం పడుతుంది. చొక్కా కింద, సంచిలో, కారు డాష్‌బోర్డులో ఉన్నదాని సంగతి చెప్పనక్కర్లేదు. 21 అడుగులంటే క్వార్టర్ ముందు గది, వరండా కలిపితే వచ్చే దూరం. చాయ్ దుకాణంలోని 'ఓ పిస్టల్ ఉండుంటే' అనే మాటలో ఈ సెకనున్నర ఎప్పుడూ కనిపించదు.

పిస్టల్ కనిపించేలా పెట్టుకుని తిరిగితే జనం జంకుతారనుకునేవారూ ఉన్నారు. చట్టం అందుకు పూర్తిగా ఎదురు. బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలని, మోసేవాడి అదుపులో ఉండాలని 2016 నిబంధనలు చెబుతాయి. ఊపి చూపడం కుదరదు.

అలా కప్పుకుని తిరిగేవాడి తూటాలకు రామగుండం గాలి పెద్ద పరీక్ష. తెలంగాణలో ఎండ ముదిరే చోట్లలో ఇదొకటి. మే నెలలో ఓపెన్‌కాస్ట్ అంచున నిలబడితే కింద నల్లరాయి సెగ, పైన ఎండ సెగ. బొగ్గు ధూళి, థర్మల్ బూడిద, లారీల దుమ్ము ఎంత కప్పినా లోపలికి చేరతాయి. చెమట తగిలిన ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన తూటా, అది పేలే గది అయిన ఛాంబర్‌లోకి తేలిగ్గా దూరదు, బయటికి రావడం ఇంకా కష్టం. పిస్టల్‌కు నూనె ఎంత మంచిదో తూటాకు అంత చెడ్డది. అడుగున ఉండే ప్రైమర్‌లోకి పల్చటి నూనె ఇంకితే అసలు పేలకపోవచ్చు. డాష్‌బోర్డులో నెలల తరబడి ఉడికిన తూటా కూడా నమ్మదగింది కాదు.

ఎక్కువమంది గమనించని తప్పు ఇంకొకటి ఉంది. రాత్రి పడుకునే ముందు ఛాంబర్‌లోని తూటా తీసి పక్కన పెడతారు. పొద్దున్నే అదే తూటాను మళ్లీ మ్యాగ్జిన్ పైన పెట్టి స్లైడ్ వదులుతారు. స్లైడ్ తోసిన ప్రతిసారీ గుండు మొన లోపలి వాలుకు కొట్టుకుంటుంది. పదిరోజులకు గుండు ఇత్తడి గొట్టంలోకి కొద్దిగా దిగబడుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే బియ్యపు గింజ మందం తేడా కంటికి తెలుస్తుంది. లోపల మందుకు చోటు తగ్గింది కాబట్టి కాల్చినప్పుడు ఒత్తిడి ఉండాల్సిన దానికన్నా పెరుగుతుంది. అలాంటిది పక్కన పెట్టేయాల్సిన తూటా. కానీ లైసెన్స్ మీద ఒకసారి దగ్గర పెట్టుకోగలిగినవీ, ఏడాదికి కొనగలిగినవీ లెక్కపెట్టి రాసి ఉంటాయి కాబట్టి పక్కన పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

సాధన కూడా ఆ లెక్క దగ్గరే ఆగిపోతుంది. పిస్టల్‌ను, దానికి వాడే తూటాను నమ్మాలంటే ముందు వంద, రెండొందలైనా ఆపకుండా పేలాలని విదేశీ శిక్షకులు చెబుతారు. ఇక్కడ పొలంలోకో గోదావరి ఒడ్డుకో వెళ్లి కాల్చి చూడటం నేరం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి షూటింగ్ రేంజ్ రెండొందల కిలోమీటర్ల పైమాటే. కొన్న తూటాల్లో ఒక్కటీ కాల్చకుండానే లైసెన్స్ రెన్యువల్ చేయించుకునేవారు ఉన్నారంటే అందుకే. అయిదేళ్లు నడుముకు మోసిన యంత్రం పనిచేస్తుందో లేదో వారికే తెలియదు.

తుపాకీ పనిచేయకపోవడం ఒక భయమైతే, అక్కర్లేనప్పుడు పనిచేయడం ఇంకో భయం. 2024 అక్టోబర్ 1 తెల్లవారుజామున ముంబైలో నటుడు గోవింద ప్రయాణానికి బయల్దేరుతూ బీరువాలో పెట్టబోయిన లైసెన్స్ రివాల్వర్ చేతిలోంచి జారి పేలింది. తూటా మోకాలి కింద దిగింది. ఆస్పత్రిలో తీశారు. దొంగ లేడు, పగవాడు లేడు, ఉన్నదల్లా నిండు రివాల్వర్. పాత నమూనా రివాల్వర్లలో సుత్తి కింద ఉన్న అర ఖాళీగా ఉంచాలని పాతకాలపు పోలీసులు చెప్పేది ఇందుకే. పిస్టల్‌లో తూటా ఛాంబర్‌లో ఉంచాలా, మ్యాగ్జిన్‌లోనే ఉంచాలా అన్న వాదనకు మూలమూ ఇదే. ఛాంబర్ ఖాళీ పెడితే సెకనున్నరలో ఇంకో అర సెకను పోతుంది. నింపితే ఇంట్లో పిల్లలున్న ప్రతి రాత్రీ ఆ పిస్టల్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. చంటిపిల్లలున్న ఇంటికి ఖాళీ ఛాంబర్, తాళం వేసిన పెట్టె తప్ప వేరే సలహా ఇవ్వడం కష్టం.

అసెంబ్లీకో పార్లమెంటుకో ఎన్నికల షెడ్యూల్ వెలువడగానే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని కబురొస్తుంది. బల్ల మీద తుపాకీ, పక్కన మ్యాగ్జిన్. బొటనవేలితో ఒక్కొక్క తూటాను ముందుకు తోస్తుంటే ఇత్తడి టంగ్‌మంటూ బల్ల మీద పడుతుంది. ఒకటి నిగనిగలాడుతుంది, ఇంకొకటి చిలుముతో పచ్చబడి ఉంటుంది, వేరొకదాని గుండు లోపలికి దిగి పక్కదానికన్నా పొట్టిగా నిలబడుతుంది. వాటి రంగూ పొడవూ రాయడానికి రసీదులో గడి లేదు. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, అంతే.

అదే రోజు రెండో షిఫ్ట్ అయ్యాక, రాత్రి పదకొండు కూత తర్వాత, మిగిలిన మందూ డిటోనేటర్లూ మ్యాగ్జిన్‌కు తిరిగొస్తాయి. షిఫ్ట్ మొదట్లో ఎన్ని తీసుకున్నారు, ఎన్ని పేలాయి, ఎన్ని మిగిలాయి అన్నది రిజిస్టర్‌లో సరిచూస్తారు. తడిసినవి, చెడినవి వేరే పెట్టెలోకి వెళ్తాయి. లెక్క సరిపోయాక సంతకం పడుతుంది, గది తలుపు మూస్తారు.